సుంకం లేని ఊపిరి

మా ఊపిరి పెట్టెకు మొహమాటం లేదు. ఎంత పెద్ద కంపెనీ సరుకైనా చిటికెడు తురుము తీసి దాని నోట్లో వేస్తే ఉన్నమాట చెప్పేస్తుంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, విశాఖ రేవులో మా గదికి వచ్చే ఎగుమతిదారులు నవ్వుతూ వచ్చి, లేచి వెళ్ళేటప్పుడు చెమటలు తుడుచుకునేవారు. నా పేరు హైమావతి. ఆ పెట్టె దగ్గర కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాను. మధ్యలో పురిటికని సెలవు పెట్టాను.

సెలవు అయిపోయి తిరిగొచ్చిన రోజు ఎస్తేరక్క నా బుగ్గ గిల్లింది. మా గదిలో నాకంటే ముందునుంచీ ఉన్న మనిషి. ఆవిడ నోరు మూతపడగా నేను చూడలేదు.

"బాగా ఒళ్ళు చేసేవే. పిల్ల పేరేంటి?"

"ఇంకా పెట్టలేదక్కా."

"అయిదో నెల నడుస్తోంది కదే!"

"మా అత్త పైడితల్లి అమ్మవారి పేరు పెట్టాలంటుంది. మా బావ ఫోనులో వెతికి రోజుకో పేరు తెస్తాడు. వీళ్ళిద్దరి మధ్యా నా కూతురు బుజ్జిగానే ముసలిదైపోయేటట్టుంది."

మా బావంటే నా మొగుడు నీలకంఠం, మేనత్త కొడుకు. విజయనగరం అవతల అగ్నిశిఖ అనే మిశ్రలోహాల కర్మాగారంలో కెమిస్టు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి, ఆస్పత్రిలో ఆపరేషన్ అయ్యాక పురిటి సేవంతా అత్తే, మేముండే కర్మాగారం క్వార్టర్లలో చేసింది.

"ఈ పూట పెట్టెకు నువ్వే ఊదు. అలవాటు తప్పిందేమో చూద్దాం" అంది ఎస్తేరక్క.

రోజూ పొద్దున్నే పెట్టెకు చావూ బతుకూ గుర్తు చేయాలి. ముందు రాక్షసిబొగ్గు నలుసు వేస్తాం. అది కోట్ల ఏళ్ళ కిందట చచ్చిన అడవి. బతికున్నవాటిలో ఉండే ఒక రకం కార్బన్ అందులో మచ్చుకైనా మిగలదు. దాన్ని పెట్టె సున్నా అని రాసుకుంటుంది. తర్వాత డ్యూటీలో ఉన్న మనిషి గొట్టంలోకి ఊదాలి. ఇవాళ తిన్న అన్నంలోనూ, నిన్న కొట్టిన చెట్టులోనూ, మన ఊపిరిలోనూ ఆ కార్బన్ రవ్వంత, అన్నింట్లో ఒకే పాళ్ళలో ఉంటుంది. దాన్ని వంద అని రాసుకుంటుంది. ఇక ఆ రోజంతా వచ్చిన ప్రతి లోహాన్నీ, కరిగించిన బొగ్గు తాలూకు కార్బన్ అందులో కొంత మిగిలిపోతుంది కాబట్టి, ఈ రెండింటి మధ్య నిలబెట్టి చూస్తుంది. కట్టెబొగ్గుతో కరిగించిందైతే వందకు దగ్గరగా వస్తుంది, పచ్చ దీపం వెలుగుతుంది, అవతలి దేశాల రేవుల్లో దానికి సుంకం ఉండదు. రాక్షసిబొగ్గు తగలేసి చేసిందైతే అంకె పడిపోతుంది. భూమిని వేడెక్కించినందుకు అక్కడ సుంకం కట్టి తీరాలి.

సున్నా వేశాను. గొట్టంలోకి ఊదాను. వంద.

మొదటి సరుకు కూర్మారావుది. పలాస దగ్గర జీడితొక్క కాల్చిన బొగ్గుతో చిన్న ఫౌండ్రీ నడుపుతాడు. ఆయన సరుకు ఏనాడూ తొంభై అయిదుకు తగ్గలేదు. ఆ రోజు తొమ్మిది వచ్చి ఎర్ర దీపం వెలిగింది.

కూర్మారావు కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, ఓపాలి సరిగ్గా సూడండి. జీడితొక్క తప్ప ఇంకోటి ముట్టుకుంటే కూర్మనాథుడి మీదొట్టు."

"ఒట్లు అందరూ వేస్తారండీ. పెట్టెకు చెవుల్లేవు" అన్నాను. సెలవు నుంచి వచ్చీరాగానే నన్ను బోల్తా కొట్టించాలని చూస్తున్నాడని ఒళ్ళు మండింది.

మళ్ళీ తురుము వేశాను. తొమ్మిదే. ఇంకోసారి వేసినా అంతే. ఆయన మొహం చూసి ఎస్తేరక్కకు జాలేసినట్టుంది, కిటికీలోంచి చెయ్యి చాపి ఒక వేపాకు తెంపి ఇచ్చింది. "దీన్నీ వెయ్యి."

వేపాకు కూడా తొమ్మిదే.

"చూసేవా, వేపచెట్టు కూడా దొంగచాటుగా బొగ్గు తింటోంది" అని నవ్వింది ఎస్తేరక్క. నేనూ నవ్వాను. నా క్యారేజీ విప్పి పెరుగన్నం మెతుకొకటి వేశాను. అదీ తొమ్మిదే. అక్కడితో నా నవ్వు ఆగిపోయింది. పెట్టె లెక్క ప్రకారం ఆకు చచ్చింది, అన్నం చచ్చింది, కూర్మారావు సరుకు చచ్చింది, ఈ లోకంలో బతికున్నది నేనొక్కదాన్నే.

"లే" అంది ఎస్తేరక్క. నన్ను పక్కకు జరిపి తను ఊదింది. ఆవిడ ఊపిరిని వందగా పెడితే వేపాకు వంద వచ్చింది, పెరుగన్నం వంద వచ్చింది, కూర్మారావు సరుకు తొంభై ఎనిమిది వచ్చింది. ఆయన మా ఇద్దరికీ దండం పెట్టి, ఇంకోసారి చూస్తామంటామేమోనని వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయాడు.

"ఇప్పుడు నువ్వు ఊదు."

ఊదాను. వంద దగ్గర పచ్చ దీపం వెలిగింది. అంకె ఆగలేదు. రెండొందలు దాటింది, అయిదొందలు దాటింది, పదకొండొందల దగ్గర నిలిచింది. దీపం మాత్రం పచ్చగానే ఉంది. వంద పైన కూడా ఒక సంగతి ఉంటుందని పెట్టె తయారుచేసినవాళ్ళకు తోచలేదు. వంద దాటిందేదైనా దాని దృష్టిలో స్వచ్ఛమే.

"ఏంటక్కా ఇది?"

ఎస్తేరక్క మాట్లాడలేదు. నోరు మూతపడని మనిషి ఊరుకుంటే ఎంత భయమేస్తుందో ఆ రోజే తెలిసింది. కాసేపటికి మెల్లగా అంది, "ఆ కార్బన్‌కి రేడియేషన్ ఉంటాది కదే హైమా. రవ్వంతయితే పర్లేదు, దేవుడు అందరికీ పెట్టిందే. ఇంత ఎలా వచ్చింది నీ ఒంట్లోకి?"

సరిగ్గా అప్పుడే పాలు చేపుకొచ్చాయి. ఇంట్లో పిల్లకు పాలిచ్చే వేళ అది. జాకెట్టు తడిసిపోయింది. నేను అలాగే నిలబడి ఆ తడి వైపు చూసుకున్నాను. నా ఒంట్లో ఉన్నది పాలల్లోనూ ఉంటుంది. పుట్టినప్పటినుంచీ నా కూతురు అవే తాగుతోంది. నాకు భయమేసింది. ఆపరేషన్ బల్ల మీద కూడా అంత భయపడలేదు.

మధ్యాహ్నం పాసింజరులో ఇంటికి బయల్దేరాను. ఏం తిన్నానో, ఏం తాగానో దారి పొడుగునా తలుచుకున్నాను. పురిటి కాయమా, బోరింగు నీళ్ళా, ఆస్పత్రిలో ఎక్కించిన సెలైనా అని ఆలోచించాను. ఏదీ అంతుపట్టలేదు. పక్కన కూర్చున్నావిడ నా జడ వైపు వంగి, "ఏ సాంబ్రాణి వాడతారమ్మా? కమ్మగా బెల్లం పాకం వాసనొస్తోంది" అని అడిగింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇంటి గుమ్మంలో అదే వాసన ఎదురొచ్చింది.

అత్త పిల్లకు నీళ్ళు పోసి, నడవలో కాళ్ళు చాపుకుని కూర్చుని సాంబ్రాణి వేస్తోంది. ఎదురుగా కుంపటి, కుంపట్లో ఎర్రటి నిప్పులు. పొగ మీద పిల్లను బోర్లా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతోంది. నా కూతురికి ఆ పొగంటే మహా ఇష్టం. పొగ మొహానికి తగలగానే నోరంతా తెరిచి కేరుతుంది. పక్కనే తట్టలో ఇంకొన్ని బొగ్గులు ఉన్నాయి, నల్లగా మెరుస్తూ, జిగురు రాసినట్టు.

"పొద్దున్నుంచీ ఒకటే ఏడుపు. నువ్వు నేవని తెలిసిపోనాది గుంటకి. ఇప్పుడే నీళ్ళోసినాను" అంది అత్త. తర్వాత నా మొహం చూసింది. "అప్పుడే వొచ్చేసినావేటే?"

"అత్తా, ఈ బొగ్గులెక్కడివి?"

"మీ బావే తెచ్చినాడు గదా. పురిటికాణ్ణించీ ఇయ్యే ఏత్తన్నాను. కంపినీ బొగ్గులు. పొగ కళ్ళల్లో సుర్రుమనదు, కమ్మగుంటాది. నీ తలకాయ కూడా ఈటి మీదే ఆరబెట్టినాను కాదేటి?"

పిల్లను ఆవిడ చేతుల్లోంచి లాక్కున్నాను. కుంపటిని కాలితో తన్నేశాను. నిప్పులు గచ్చంతా చెల్లాచెదురయ్యాయి. నిప్పును కాలితో తన్నిన ఆడదాన్ని అత్త తన జన్మలో చూసి ఉండదు.

"ఓలమ్మో! పిచ్చేటే నీకు? లచ్చిమిని తంతావేటి?"

"ఈ బొగ్గులు ఇంకెవరికైనా ఇచ్చేవా?"

నా గొంతు వినగానే ఆవిడ కోపం దిగిపోయింది. "ఎదురింటి బాలింతకిచ్చినాను. ఎనకీదిలో మేస్త్రి కోడలికిచ్చినాను. బాగున్నాయని ఆళ్ళే అడిగినారు. ఏటయినాది హైమా? నానేటి సేసినాను?"

నువ్వేం చేయలేదని చెప్పాల్సింది. చెంబుతో నీళ్ళు తెచ్చి నిప్పుల మీద పోశాను. పిల్లకు ఆవుపాలు కాచి పట్టమని, నా దగ్గరికి మాత్రం తేవద్దని చెప్పి, ఒక బొగ్గు ముక్కను టిఫిను డబ్బాలో వేసుకుని కర్మాగారానికి నడిచాను. వెనక పిల్ల ఏడుపు వీధి చివరిదాకా వినిపిస్తూనే ఉంది.

మా బావ ల్యాబు ఒక పొడుగాటి రేకుల షెడ్డు. గాజు తొట్ల వరసలు, తొట్ల నిండా పచ్చటి నాచు. పెళ్ళయిన కొత్తలో నన్ను తీసుకెళ్ళి చూపించాడు. ఆ నాచు గాలిలోని కార్బన్ తిని పెరుగుతుందనీ, దాన్ని ఎండబెట్టి కాల్చి బొగ్గు చేస్తే ఇక రాక్షసిబొగ్గుతో పని ఉండదనీ చెబుతుంటే అతని కళ్ళు మెరిసిపోయాయి. ఆ రోజు నాకు గర్వంగా ఉండింది. ఈ మధ్య ఆ నాచు సంగతి ఎత్తితే మాట మార్చేసేవాడు.

బొగ్గు ముక్క తీసి బల్ల మీద పెట్టాను. "నా ఊపిరి పదకొండొందలు బావా."

ఏంటని అడగలేదు, ఎలాగని అడగలేదు. చటుక్కున కుర్చీలో కూలబడ్డాడు. అతనికి తెలుసునని అప్పుడే నాకు అర్థమైంది.

"చెప్పు" అన్నాను.

చెప్పాడు. నాచు ఎంత పెరిగినా కొలిమి ఆకలికి ఒక మూలకు రాలేదు. అవతల రేవుల్లో సుంకం పెరిగింది. కర్మాగారం మూసేస్తానని యజమాని ప్రకాశరావు కూర్చున్నాడు. మూయకుండా ఉండాలంటే ఒకటే దారి అన్నాడట. వాడేది రాక్షసిబొగ్గే, పెట్టెకు మాత్రం అది కట్టెబొగ్గులా కనపడాలి. మూతపడ్డ అణువిద్యుత్ కేంద్రాల్లోంచి తీసిన పాత గ్రాఫైట్ ఇటుకల్లో ఆ బతుకు కార్బన్ దండిగా ఉంటుంది. అలాంటి ఇటుకలు తుక్కు పేరుతో ఓడ దిగాయి. మన సరుకు మీద సుంకం వేసే దేశమొకటి తన చెత్తను మనకు సుంకం లేకుండా పంపిందన్నమాట. మా బావ ఆ ఇటుకలను కాల్చి, ఆ గాలిని నాచుకు మేపి, నాచులోంచి తియ్యటి నల్లటి పాకం తీశాడు. రాక్షసిబొగ్గు మీద ఆ పాకం చిలకరిస్తే చచ్చిన అడవి పెట్టె ముందు లేచి కూర్చుంటుంది.

"చుక్క హైమా. గంపెడు బొగ్గుకి ఒక్క చుక్క. దానివల్ల ఎవరికీ ఏమీ అవదు, నేను లెక్క కట్టేను. నీకు చెప్దామనే అనుకున్నాను. నువ్వా పెట్టె ముందు కూర్చునే మనిషివి, ఎలా చెప్పను?"

"మరి అదే బొగ్గు పిల్లకెందుకు తెచ్చేవు?"

"నాకేమన్నా పిచ్చా?" అని గట్టిగా అరిచాడు. "ఇది పాకం బొగ్గు కాదు. మూడో కుప్పలోది. అసలు సిసలు కొబ్బరిచిప్పల బొగ్గు. తనిఖీకి వచ్చినవాళ్ళకి చూపించడానికి అదొక్క కుప్ప నిజంది ఉంచేం. పిల్లకని అందులోంచి నా చేత్తో ఏరి తెచ్చేను."

"పద, చూపించు."

యార్డులో మూడో కుప్ప చుట్టూ కొంతమంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాల్లాంటి వాటితో బొగ్గు మీద పాకం పోస్తున్నారు. ముక్కుకు చీర కొంగే అడ్డం. అందులో ఒకామె వేలికంటిన జిగురును తియ్యగా ఉంటుందని నాకేసింది.

"సన్నాసినాయుడూ! ఈ కుప్ప మీద ఎందుకు పోయిస్తున్నావు? దీని జోలికి వెళ్ళొద్దని చెప్పేను కదా!" అన్నాడు బావ.

యార్డు సూపర్‌వైజరు సన్నాసినాయుడు చేతులు కట్టుకుని వచ్చాడు. "పెద్దాయనే పొయ్యమన్నారు సార్. పైనోళ్ళు వొచ్చి తీసి సూసేది ఈ కుప్పే గదా, ఇక్కడ తక్కువొత్తే కొంప మునిగిపోద్ది, దీనికి నాలుగు డబ్బాలు ఎక్కువే పొయ్యండన్నారు. మొదట్నించీ ఇలగే పోత్తన్నాం. ఎక్కువైతే మాత్రం తప్పేటుంది సార్, ఎలిగీది పచ్చ దీపమే గదా?"

పులుసులో ఇంకో గరిటె బెల్లం వేసినట్టు చెప్పాడు. మా బావ ఉతికిన తెల్ల చొక్కాతోనే ఆ కుప్ప అంచున కూర్చుండిపోయాడు. చుట్టూ అబద్ధం పోసి, మధ్యలో పిడికెడు నిజం దాచుకున్నాననుకున్నాడు మనిషి. నాకు జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే మంటెత్తింది.

"పిల్లకేమవుతుంది?" అని అడిగాను.

"తెలీదు."

"తెలీదంటే ఊరుకోను. కెమిస్టువి కదా, చెప్పు."

కుప్పలోంచి ఒక బొగ్గు ముక్క చేతిలోకి తీసుకున్నాడు. "పిల్ల ఎదుగుతోంది. తాగిన పాలతో, పీల్చిన గాలితో ఒళ్ళు కట్టుకుంటోంది. ఇల్లు కడుతున్నప్పుడు కొన్ని ఇటుకలు ఉన్నట్టుండి ఇటుకలుగా ఉండడం మానేసే రకంవి కలిసిపోయేయనుకో. గోడలో ఎక్కడెక్కడున్నాయో తెలీదు. ఏది ఎప్పుడు మాయమైపోతుందో తెలీదు. కొన్ని రేపే పోవచ్చు. కొన్ని మనం పోయి, అది పోయి, దాని మనవలు పోయేక పోవచ్చు. అసలేమీ అవకుండా నిండా బతికెయ్యొచ్చు హైమా. నిజంగా బతికెయ్యొచ్చు."

"తీసేయడానికి లేదా?"

"పొగ ఆపేస్తే, పాలు ఆపేస్తే, కొంత ఊపిరిలోనే బయటికి పోతుంది. ఎముకల్లోకీ మెదడులోకీ వెళ్ళింది ఉండిపోతుంది."

తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. అతని వేళ్ళు బొగ్గు జిగురుతో అంటుకున్నాయి. "ఎవరికీ చెప్పకు. నేనే ఆపించేస్తాను, ప్రకాశరావు కాళ్ళయినా పట్టుకుంటాను. ఇది బయటపడితే ఇక్కడి పొయ్యిలన్నీ ఆరిపోతాయి. నిజంగా కట్టెబొగ్గు వాడేవాళ్ళ సరుకు కూడా అవతలివాళ్ళు నమ్మరు. నేను జైలుకి పోతాను. పిల్లకి రేపేదైనా అయితే పక్కన తండ్రయినా ఉండాలి కదా."

ఆ ఆఖరి మాటకు నాకు ఏడుపొచ్చింది. చెయ్యి విడిపించుకుని ఇంటికొచ్చేశాను.

ఆవుపాలు పిల్లకు పడలేదు. కక్కుకుంది. నన్ను చూడగానే రెండు చేతులూ చాపి, నా కొంగు పట్టుకుని గుంజుతోంది. నేను పెరట్లోకి పోయి పాలు పిండేసుకున్నాను. తూములోకి పోతున్న తెల్లటి ధార చూస్తూ వెక్కివెక్కి ఏడ్చాను. పొగ చెడ్డదని మాత్రం అత్తకు అర్థమైంది. కుంపటిని గోడవతల పారేసి వచ్చి, పిల్లను భుజాన వేసుకుని తిరుగుతూ, "ఈ సేతుల్తోనే పట్టినాను, ఈ సేతుల్తోనే" అని గొణుక్కుంటోంది.

దీపాలు పెట్టే వేళకు కిటికీలోంచి బెల్లం వాసన వచ్చింది. ఎదురింటినుంచి.

పరిగెత్తుకుంటూ వెళ్ళాను. ఎదురింటి పిల్ల పేరు చిన్నమ్మలు, తొలిచూలు బాలింత. కుంపటి రాజేసుకుని, పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆ బొగ్గులు వాడకమ్మా. ఆర్పేయ్" అన్నాను.

"ఎందుకక్కా? మీ అత్తగారిచ్చినయ్యే గదా?"

ఎందుకో చెప్పాలంటే మొత్తం చెప్పాలి. నాలుక చివర నీలకంఠం పేరు నిలబడి ఉంది. "పురుగుమందు పడింది వాటి మీద" అన్నాను.

"ఓలమ్మ! అలగా" అని చటుక్కున నీళ్ళు పోసింది. మంచి పిల్ల. తర్వాత నవ్వింది. "సర్లెండి, మాయన యార్డులోనే గదా పని. రేపు కంపినీ కుప్పలోంచి తాజావి తెమ్మంటాను."

ఆ మాట విన్నాక నేను ఇంక ఆలోచించలేదు. చిన్న అబద్ధంతో ఈ పొగ ఆగదని తేలిపోయింది. ఇల్లిల్లూ తిరిగి ఎంతమందికి పురుగుమందు కథ చెప్పను? ఆ పాకం నాకిన ఆడమనిషికి ఏం చెప్పను?

మర్నాడు పిల్లను ఎత్తుకుని రైలెక్కాను. నేనూ వస్తానని అత్త బయల్దేరింది. రైలు కదిలే ముందు బావ కూడా ఎక్కాడు. నన్ను ఆపడానికి ఎక్కాడో, తోడు రావడానికి ఎక్కాడో అడగలేదు. దారంతా ఎదురు బల్ల మీద కూర్చుని పిల్ల కాలి వేళ్ళు పట్టుకుని ఉన్నాడు.

ఎస్తేరక్క అప్పటికే సున్నా వేసి, తన ఊపిరితో వంద పెట్టి ఉంచింది. నన్ను పక్కకు పిలిచింది. "నిన్న నువ్వు ఊదినట్టే ఊరికే ఊదిద్దామే. అలా చూసింది పెట్టె ఎక్కడా నమోదు చెయ్యదు. ముందు మన కళ్ళతో మనం చూసుకుందాం, తర్వాత సంగతి తర్వాత."

"వద్దక్కా. సరుకు కింద పెట్టు."

పేరూ ఇంధనమూ కొట్టి సరుకు కింద పెడితే అంకె ఇక్కడా, అవతలి రేవులోనూ ఒకేసారి నమోదవుతుంది. దాన్ని చెరిపే చెయ్యి ప్రకాశరావుకు కాదు కదా, మా అధికారులకు కూడా లేదు. పచ్చ దీపాన్ని ఎవరూ పట్టించుకోకపోయినా, వంద పైన ఉన్న అంకెను ఎవరో ఒకరు చూసి తీరతారు. ఎస్తేరక్క నా మొహంలోకి చూసి, తెర ముందు కూర్చుంది.

"సరుకు పేరు అడుగుతోంది" అంది. వేళ్ళు ఆగిపోయాయి. "పేరింకా పెట్టలేదు కదే."

అత్త గోడవారగా బల్ల మీద కూర్చుని ఉంది. రాత్రంతా ఏడ్చిన కళ్ళు. "పైడితల్లి" అన్నాను. అత్త తలెత్తింది. ఉయ్యాల లేదు, బియ్యంలో రాసింది లేదు, పేరంటాళ్ళు లేరు. ఎస్తేరక్క ఒక్కొక్క అక్షరమే కొట్టింది.

"వాడిన ఇంధనం?"

అంతా తెగించి వచ్చినదాన్ని, అక్కడికొచ్చేసరికి మాట రాలేదు. వెనకనుంచి బావ గొంతు వినిపించింది.

"రాయండి. అగ్నిశిఖ యార్డు, మూడో కుప్ప. బొగ్గు మీద పాకం. పాకం చేసింది నీలకంఠం." తెర దగ్గరికి వచ్చాడు. "మిగతా కుప్పల సంగతి కూడా నేనే చెప్తాను, అవతలివాళ్ళు అడిగినప్పుడు."

గొట్టాన్ని వేణ్ణీళ్ళతో కడిగి పిల్ల మొహం దగ్గర పెట్టాను. ఏడుస్తుందనుకున్నాను. కొత్త రకం పొగ అనుకుందో ఏమో, నోరంతా తెరిచి కేరింది. గుండెలనిండా పీల్చి వదిలింది.

పచ్చ దీపం వెలిగింది. చీటీ టకటకమని బయటికొచ్చింది. ఎస్తేరక్క దాన్ని అందుకోలేదు, ఆవిడ చూపంతా తెర మీద ఉంది. నా చూపూ అక్కడే ఉంది. నా అంకె దగ్గర ఆగుతుందనుకున్నాను. పదకొండొందలు దాటింది. రెండువేలు దాటింది. బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అయిదువేలు దాటింది.

అత్త లేచి వచ్చి దీపాన్ని చూసింది. చీటీ తీసి, దూరంగా పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది. "సొచ్చం. సుంకం నేదు." ఆవిడ మొహం విచ్చుకుంది. చీటీని కళ్ళకద్దుకుని పిల్ల తలకు తాకించింది.

"పచ్చ దీపం ఎలిగినాది! అమ్మోరి పేరు పెట్టినావు, సల్లగా సూసినాది. మన గుంటకేటీ నేదు గదా హైమా? ఏటీ నేదు గదా?"

పిల్ల ఆ చీటీని గుప్పిట్లో నలిపి నోట్లో పెట్టుకోబోతోంది. తెర మీద అంకె ఇంకా ఆగలేదు.